వచ్చి చచ్చిపోయే పాత్ర

మా మనవరాలి పరీక్ష పేపరులో రెండు పేరాలు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉండటం చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. పిల్ల పదకొండో తరగతి చదువుతోంది. ఇంగ్లీషులో వాళ్లకి ఒక పాత విషాద నాటకం పాఠంగా పెట్టారు. ఇంటికి అతిథిగా వచ్చిన రాజును నిద్రలో పొడిచి చంపి గద్దెనెక్కిన ఒక సేనాపతి కథ అది. వాడి పాలనలో జనం గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయపడుతుంటే, ఒక ప్రభువు భార్యనీ పిల్లలనీ కోటలో వదిలేసి, పొరుగు దేశంలో తలదాచుకున్న యువరాజు దగ్గరికి వెళ్లిపోతాడు. ఇక్కడ రాజు మనుషులు వచ్చి కోటలో ఉన్నవాళ్లను చంపేస్తారు. ఆ ప్రభువుది రాజభక్తా, దేశభక్తా, పిరికితనమా, లేక మనసులో ఇంకేదైనా ఉందా, కారణాలతో రాయండి అన్నది ప్రశ్న. పరీక్షకి చదువుకుంటూ పిల్ల ముందే నన్ను ఇది అడిగింది. నాకు తెలిసింది నేను చెప్పాను, తను ఇంగ్లీషులో చక్కగా రాసుకుంది. అందులో భార్య గురించి రాసిన రెండు పేరాలనూ టీచరమ్మ కొట్టేసి, పక్కన "ఆమెది చిన్న పాత్ర, ఇంత అవసరం లేదు" అని రాసింది.

"ఛోడో అమ్మమ్మా, మేడమ్ మంచిదే, అందరికీ అలాగే రాస్తుంది" అంది పిల్ల. బస్తర్‌లో ఈ గనుల ఊరు బచేలిలోనే పుట్టి పెరిగిన పిల్ల, దాని మాటల్లో సగం హిందీ ఉంటుంది. నేను మాత్రం చీర మార్చుకుని, గొడుగు తీసుకుని బడికి వెళ్లాను. టీచరమ్మ మర్యాదస్తురాలే. కుర్చీ వేయించింది, మంచినీళ్లిచ్చింది. తర్వాత ఎంతో ఓపిగ్గా, "ఆంటీజీ, వో తో ఏక్ హీ సీన్ మే ఆతీ హై" అంది. ఆ ప్రభువు భార్య ఒక్క సీన్లోనే వస్తుందట. ఆ సంగతి నాకు చెబుతోంది! ఆ ఒక్క సీనూ పక్క ఊరు కిరండుల్‌లో, వానకి రంగు వెలిసిన తెరల మధ్య, ఊరంతా చూస్తుండగా ఆడినదాన్ని నేను. ఈ మాట టీచరమ్మతో అనలేదు. అంటే జాలిపడుతుంది, లేకపోతే సెల్ఫీ దిగుదామంటుంది. రెండూ నాకు అక్కర్లేదు. నేనన్నది ఒక్కటే: "చిన్న పాత్ర అని ఎవరన్నారో కనుక్కో అమ్మా. ఆవిడనైతే అడిగి ఉండరు."

ఇంటికొచ్చి ఈ గొడవంతా చెబితే మా ఆయన పేపరు మడిచి, "ఆల్ల పాటం ఆల్లు సెప్పుకుంటారు. నీకెందుకే మద్దిన?" అన్నారు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఈ కొండల మధ్యే ఉన్నా ఆయన మాట ఇంకా విజయనగరం దాటి రాలేదు. ఇప్పుడు మేముంటున్నది మా అమ్మాయికి ఆసుపత్రి ఉద్యోగం వల్ల వచ్చిన క్వార్టరు. వరండాలో కూర్చుంటే ఎదురుగా కొండ, కొండ మీద ఎర్రగా గాయం చేసినట్టు తవ్వకం కనిపిస్తాయి. నాకెందుకో ఆయనకు తెలుసు. అందుకే పేపరు మళ్లీ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నలభై ఏళ్లకు దగ్గరపడిన మాట. అప్పుడు మేం కిరండుల్‌లో ఉండేవాళ్లం. ఇనుపరాయి తవ్వే ఎర్ర దుమ్ము ఊరది. తెల్లచీర అన్నది పెట్టెలో ఉంచి చూసుకోవడానికే గాని కట్టుకోవడానికి పనికొచ్చేది కాదు. ఉతికి ఆరేస్తే ఎండేలోపు మళ్లీ గోధుమరంగుకు తిరిగేది. కొత్తలో నేను కొళాయి నీళ్లు చూసి ఎవరో కుంకుమ కలిపారనుకున్నాను. ఊళ్లో తెలుగువాళ్లం చాలామందిమే. గనిలో పనిచేసేవాళ్లు, రైల్వేవాళ్లు, బజారులో కొట్లు పెట్టుకున్నవాళ్లు. ఏ ఇద్దరి తెలుగూ ఒకలా ఉండేది కాదు. కలిసి మాట్లాడుకోవడానికి ఒక్కోసారి హిందీయే సులువనిపించేది. అందరూ కలిసి ఏడాదికొకసారి దసరా వెళ్లాక నాటకం వేసేవాళ్లు. ఎప్పుడూ పౌరాణికమే. ఆ ఏడు మాత్రం మా ఆడపడుచు భర్త, అంటే నాకు అన్నయ్యగారు, బి.ఏ.లో చదువుకున్న ఈ ఇంగ్లీషు నాటకాన్ని తెలుగులో రాశారు. పేర్లన్నీ మార్చి, మంచుకొండల్ని మన్యం కొండలు చేసి, ఆ ప్రభువుకి కోటదొర అని పేరు పెట్టారు. అప్పట్లో మా క్వార్టర్లు చూసే పెద్దసాబుకి బుద్ధి చెప్పడానికే ఆ నాటకం ఎంచుకున్నానని తర్వాత తర్వాత అందరితో చెప్పుకున్నారు గాని అది వట్టిమాట. మా తెలుగు సంఘం ట్రంకుపెట్టెలో ఒక మఖ్మలు కోటు ఉండేది. అది ఆయనకొక్కరికే సరిపోయేది. ఆ కోటు వేసుకుని గద్దె మీద ఎక్కువసేపు కూర్చునే కథ కావలసి వచ్చింది, అంతే. రాసిందీ ఆయనే, ఆడించిందీ ఆయనే, రాజూ ఆయనే.

ఆడవేషాలకి విశాఖపట్నం నుంచి ఆర్టిస్టుల్ని పిలిపించడం మావాళ్ల పద్ధతి. రాణి వేషానికి అలాగే ఒకావిణ్ణి పిలిపించారు. ఆవిడకి స్టేషన్లో దండ, మా ఆడపడుచు ఇంట్లో బస, రోజూ కోడిగుడ్డు. కోటదొరసానికి మాత్రం ఒక్క సీనే కాబట్టి ఇంకొకరిని ఎందుకు పిలవడమని నా దగ్గరికి వచ్చారు. "భయమేం లేదు చెల్లెమ్మా, పెద్ద పాత్ర కాదు. వచ్చి చచ్చిపోవడమే" అన్నారు అన్నయ్యగారు. ఈ మాట మా వంటింటి గుమ్మంలో నిలబడి, నేను పోసిన కాఫీ తాగుతూ అన్నారు. ఆ కాఫీ గ్లాసు ఎటు తిప్పి పట్టుకున్నారో కూడా నాకు గుర్తే.

మా నాటకాలకు ఇంకో విచిత్రం ఉండేది. గనిలో మూడు షిఫ్టులు. వారం వారం డ్యూటీలు మారిపోతుంటాయి. అందుకని ముఖ్యమైన ప్రతి వేషానికీ ఇద్దరిద్దరు ఉండేవారు. ఒకరు డ్యూటీలో ఉంటే రెండోవారు రిహార్సలుకి వచ్చేవారు. నాటకం రోజున ఎవరికి సెలవుంటే వారే ఎక్కడం. కోటదొరగా ఒక వారం మా ఆయన, ఒక వారం రాయి నలగ్గొట్టే క్రషింగులో పనిచేసే ఇంకొకతను. ఆ అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదు. అతని లెక్కలో కోటదొర పిరికివాడు. వణుకుతూ, వెనక్కి చూసుకుంటూ పారిపోయేవాడు. మా ఆయన మాత్రం ఛాతీ ముందుకు పెట్టి, దేశాన్ని భుజాన వేసుకుని వెళ్లేవారు. నేను ఒక వారం పిరికివాడి పెళ్లాన్ని, ఒక వారం వీరుడి పెళ్లాన్ని. ఇద్దరిలో ఏ ఒక్కరూ నాకు చెప్పి వెళ్లలేదన్నది మాత్రం మారలేదు.

అదే అడిగాను ఒకరోజు రిహార్సల్లో. "అన్నయ్యగారూ, ఇతను ఇంట్లో ఒక్క మాట చెప్పి వెళ్తే నాటకానికేం నష్టం?"

"దేశం కోసం వెళ్తున్నాడు చెల్లెమ్మా. ఇల్లు చిన్నది, దేశం పెద్దది."

"చిన్నదైతే తీసుకెళ్లడం తేలికే కదా. తనతో పట్టుకుపోవచ్చుగా."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, "తొందర్లో మర్సిపోనాడేమో" అన్నారు. "గుర్రాన్ని మర్చిపోలేదుగా" అన్నాను. అన్నయ్యగారు చేతిలోని కాగితాలు బల్ల మీద కొట్టి, "చెల్లెమ్మా, నువ్వు చచ్చిపోవడం మీద మనసు పెట్టు" అన్నారు.

నాటకంలో ఒక రాజుంటే మాకు ఊళ్లో ఇంకొకడు ఉండేవాడు. క్వార్టర్లూ, నీళ్లూ, కరెంటూ చూసే ఆఫీసుకి కొత్తగా వచ్చిన పెద్ద. అందరూ పెద్దసాబ్ అనేవాళ్లు. పైకి మెత్తగా మాట్లాడేవాడు. ఎదురు చెప్పినవాడి ఇంటికి మాత్రం ముందు నీళ్లు ఆగిపోయేవి, తర్వాత క్వార్టరు రద్దయ్యేది. ఆ వానాకాలం మా ఎదురు క్వార్టరు వాళ్ల సామానంతా రోడ్డు మీద పెట్టించాడు. ఆ ఇంటాయన పెద్దసాబు జీపు డ్రైవరు. ఆదివారం పూట సాబు చుట్టాల్ని జలపాతం చూపించడానికి తీసుకెళ్లనన్నాడట, అదీ నేరం. డ్రైవరు భార్యది శబరి ఒడ్డున కొంటా అనే ఊరు. నేను కొంటా అక్క అనేదాన్ని. బస్తర్ వాన సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వానలో వాళ్ల పరుపు, బియ్యం డబ్బా, కుట్టుమిషను, అన్నీ తడుస్తుంటే అక్క ఒక్క గొడుగు పట్టుకుని నిలబడింది. గొడుగు తన మీద కాదు, మిషను మీద పట్టింది. "ఏందమ్మా గట్ల చూస్తవ్, మిషను నాన్తది గాని నేను నాన్తనా?" అంది. సామాను మోసి బయట పెట్టినవాళ్లు ఆ ఆఫీసులో ఖలాసీలు ఇద్దరు. బరువులు ఎత్తే మనుషులు, భుజాలు బాగున్నాయని అన్నయ్యగారు వాళ్లిద్దర్నే మా నాటకంలో హంతకుల వేషాలకు తీసుకున్నారు. ఊళ్లో ఇళ్లు ఖాళీ చేయించేదీ వాళ్లే, స్టేజీ మీద నన్ను చంపేదీ వాళ్లే. ఎవరికీ ఇది వింతగా తోచలేదు. మంచివాళ్లే పాపం. రిహార్సల్లో నన్ను పొడిచే ముందు "మాపు సెయ్యండమ్మా" అనేవారు.

నాటకానికి ఇంకా కొద్దిరోజులుందనగా ఒక ఉదయం మా ఆయన టిఫిను డబ్బా సర్దించుకుని, "డబల్ డ్యూటీ పడింది. రేపు కూడా రానేమో" అని వెళ్లారు. గనివాళ్ల ఇళ్లలో ఇది మామూలే. రాకపోతే ఎవరూ కంగారుపడరు. సాయంత్రం రిహార్సల్లో కోటదొరగా రెండో అబ్బాయి వచ్చి వణికి వెళ్లాడు. మర్నాడూ అతనే. ఇంకో ఊళ్లో అయితే ఆ మనిషి ఏడని అడిగేవాళ్లు. మా ఊళ్లో ఒకరి ఖాళీలో ఇంకొకరు నిలబడటం ఎంత అలవాటైపోయిందంటే మనిషి మాయమైనా ఆ ఖాళీ కనపడేది కాదు.

ఆ మర్నాడు మా కొళాయి ఆగిపోయింది. పక్కింట్లో ధారగా వస్తోంది, మా ఇంట్లో గుర్రుమని గాలి. ఆఫీసు ప్యూను వచ్చి గుమ్మం బయటే నిలబడి, నేల చూస్తూ, "మేడమ్, సాబ్ నే బోలా హై, నాటకం అయిన మర్నాడు క్వార్టర్ ఖాళీ కర్‌నా హై" అన్నాడు. ఎందుకని అడిగితే అతనే నాకు చెప్పాడు. మా ఆయన డబల్ డ్యూటీలో లేరు. ఇంకో ఇద్దరితో కలిసి పాసింజరెక్కి, పెద్దసాబు మీద ఫిర్యాదు చేయడానికి పెద్దాఫీసుకి వెళ్లారు. కొంటా అక్కవాళ్లకి జరిగింది పైవాళ్ల ఎదుట నోటితో చెప్పి రావాలని. ఆ వెళ్లడం తప్పు అని నేను ఏనాడూ అనలేదు, ఇవాళా అనను. నా చేతిలో ఉంటే ముందే పంపేదాన్ని. కాని నా మొగుడు ఎక్కడున్నాడో నాకు ఆఫీసు ప్యూను చెప్పాడు. కాళ్లకు చెప్పులు కూడా లేకుండా మా ఆడపడుచు ఇంటికి వెళ్లాను. అన్నయ్యగారు మఖ్మలు కోటుకి బొత్తాం కుట్టించుకుంటున్నారు. నా మొహం చూడగానే, "నీకు తెలిస్తే కంగారు పడతావని..." అన్నారు. అంటే ఆయనకి తెలుసు! రాణి వేషం ఆవిడకి తెలుసో లేదో అడగలేదు. అడిగితే అవుననేవారేమో.

అన్నయ్యగారికి అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పెద్దసాబు నాటకానికి ముఖ్య అతిథి. ముందు వరుసలో సోఫా వేసి కూర్చోబెడతారు. తెర తీసేముందు నేను వెళ్లి దండం పెట్టి, 'మా ఆయన తెలియక చేశాడు, క్షమించండి' అంటే ఆయన మెత్తబడతాడట. "ఒక్క మాట చెల్లెమ్మా. దాంతో ఇల్లు నిలబడుతుంది. వాడు రేపు వచ్చేసరికి పిల్లని పట్టుకుని రోడ్డు మీద ఉంటావా?"

"ఉంటాను" అన్నాను.

"ఏం చూసుకునమ్మా ఈ మొండితనం?"

"నన్ను చూసుకునే. ఇంట్లో ఇంకెవరూ లేరుగా."

మర్నాడు పొద్దున్న కొంటా అక్క అప్పుడు వాళ్లుంటున్న బజారు బస్తీ నుంచి నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని ఎర్రమట్టి దారంట నడిచివచ్చింది. మా తొట్టి నింపుతూ నా మొహం చూసి, "ఏంది చెల్లె, ఏడ్చినవా?" అంది. ఏడవలేదన్నాను. కోపమొచ్చిందన్నాను. "మంచిది. ఏడుపుకి నీళ్లు ఖర్సయితయి, మోసేది నేను" అంది. తర్వాత గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతూ, "నీ మొగుడు నా కోసం పోయిండు. ఆ మాట నేను మర్సిపోను. కానీ నీకు చెప్పకపోవుడు తప్పే. రెండు నిజమే. రెండు ఒకదానికొకటి అడ్డం రావు" అంది. ఆ ప్రభువు మీద లోకంలో చదువుకున్నవాళ్లు ఏమేం రాశారో నాకు తెలియదు. నేను విన్నంతలో ఇంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

నాటకం రోజు వచ్చింది. రాత్రి షిఫ్టు బస్సు వెళ్లేలోపు అయిపోవాలని పొద్దు వాలకముందే మొదలుపెట్టారు. పెద్దసాబు సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను ముందుగా వెళ్లి దండం పెట్టలేదు. అన్నయ్యగారు పక్కనుంచి సైగ చేస్తూనే ఉన్నారు, నేను మొహానికి పౌడరు రాసుకుంటూనే ఉన్నాను. నా సీను వచ్చింది. మా అమ్మాయి చిన్నపిల్ల అప్పుడు, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఖలాసీలిద్దరూ మూతికి నల్లగుడ్డలు కట్టుకుని వచ్చారు. పెద్దతను అట్టకత్తి ఎత్తి, "నీ మొగుడెక్కడ?" అన్నాడు. అన్నయ్యగారు రాసిన ప్రకారం నేను 'అయ్యో నాకు తెలియదు' అని ఏడవాలి, అతను పొడవాలి, నేను పడిపోవాలి, తెర పడాలి.

నేను లేచి నిలబడ్డాను. పిల్లని చంకనేసుకున్నాను. ముందు వరుసలోని సోఫా వైపు చూసి చెప్పాను. "ఎక్కడున్నాడో నాకు చెప్పి వెళ్లలేదు. ఆ సంగతి వచ్చాక నేనూ ఆయనా తేల్చుకుంటాం, మధ్యలో మీరెవరు? ఎందుకు వెళ్లాడో మాత్రం నాకు తెలుసు. ఈ ఊరందరికీ తెలుసు. వానలో ఎవరి సామాను తడిసిందో చూసిన ప్రతివాళ్లకీ తెలుసు. మీ రాజుకి ఇంకా బాగా తెలుసు. వెళ్లి చెప్పండి, ఈ కోట ఖాళీ చేయనని."

ఎక్కడో వెనకాల పసిపిల్ల ఏడ్చి ఆగింది. పెద్ద ఖలాసీకి ఏం చేయాలో తోచలేదు. అతను మర్యాదగా నన్ను పొడిచాడు. నేను పడలేదు. ఇంకోసారి పొడిచాడు. అట్టకత్తి వంగిపోయింది. "పడిపోండమ్మా. బస్సెలిపోద్ది, నాకు డూటీ ఉంది" అన్నాడు నల్లగుడ్డ లోంచి. "నువ్వు వెళ్లు నాయనా. నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆ మాట మైకులోంచి బజారు దాకా వినపడిందట. ముందు కొంటా అక్క నవ్వింది. నవ్వు కాదది, కేక. తర్వాత రైల్వే లైనులవాళ్లు, ఆ తర్వాత అందరూ. తెర లాగేవాడు దిక్కు తోచక లాగేశాడు.

అప్పటికే మా ఆయన మధ్యాహ్నం బండి దిగి, స్టేషను నుంచి ఇంటికి రాకుండా నేరుగా మేకప్పు గదికి వచ్చేశారట. రెండో అబ్బాయి డ్యూటీకి వెళ్లిపోవడంతో కోటదొర కిరీటం ఈయనే పెట్టుకున్నారు. నాకు కనపడలేదు, నా సీను ఈయన చూడలేదు. తర్వాతి సీన్లో యువరాజు పక్కన ఈయన నిలబడి ఉంటే ఒక బంధువు వచ్చి, కోట నేలమట్టమైంది, నీ భార్యాపిల్లల్ని నరికేశారు అని చెప్పాలి. అతను ఏడుపు గొంతుతో ఆ మాట అనగానే కింద నుంచి ఆడవాళ్లు ఒక్కపెట్టున లేచారు. "అబద్దం బాబూ! బతికే ఉంది! ఇప్పుడే సూశాం!" మొహం కప్పుకుని కుమిలిపోవలసిన మనిషి తల తిప్పి చూశారు. తెర పక్కన పిల్లని ఎత్తుకుని నేను నిలబడి ఉన్నాను. మూడు రోజుల రైలు మసి ఆయన చెవుల దగ్గర ఇంకా అలాగే ఉంది. నా చూపు తప్పించుకుని జనం వైపు తిరిగి, "నాకు తెల్సు. మా యావిడ అంత సులువుగా పోదు" అన్నారు. చప్పట్లు ఆగలేదు. పెద్దసాబు లేచి వెళ్లిపోయింది అప్పుడే. సీను నాది, చప్పట్లు ఆయనవి. ఆ మాట ఈ రోజుకీ కిరండుల్‌లో పాతవాళ్లు ఆయన వీపు తట్టి చెబుతుంటారు.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి మా గేటు ముందు ఆగింది. పెద్దసాబు దిగలేదు. ఖలాసీలిద్దర్నీ దించి, సామాను బయట పెట్టమన్నాడు. కొంటా అక్క మా గుమ్మంలో బిందె బోర్లించి దాని మీద కూర్చుంది. మా క్వార్టర్ల లైనంతా గోడల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మా ఆయన ముందుకు రాబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. "మీరు వెళ్లొచ్చారు, బాగానే ఉంది. ఇది నా సీను" అన్నాను. పెద్ద ఖలాసీ మా గేటు దాకా వచ్చి, నన్ను చూసి, ఆగిపోయాడు. మీసం లోపల నవ్వుతున్నాడో భయపడుతున్నాడో తెలియలేదు. వెనక్కి తిరిగి, "సాబ్, కల్ హమ్ సే నహీ హువా. ఆజ్ భీ నహీ హోగా" అన్నాడు. నిన్న మా వల్ల కాలేదు, ఇవాళా కాదు. రెండోవాడు తలపాగా విప్పి దులుపుకుని అతని పక్కన నిలబడ్డాడు. ఆ ఉద్యోగాల్లో ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. జీపు చాలాసేపు అలాగే గుడగుడమంటూ ఉంది. తర్వాత వెనక్కి తిరిగింది. మర్నాటి పొద్దుటికి మా కొళాయిలో ఎర్రనీళ్లు వచ్చాయి.

తర్వాత పైనుంచి మనుషులు వచ్చి విచారించారు. కొన్నాళ్లకి పెద్దసాబుని వేరే చోటికి పంపేశారు, కొంటా అక్కవాళ్లకి మా వెనక లైనులో క్వార్టరు వచ్చింది. సంఘంలో సభ పెట్టి వెళ్లొచ్చిన ముగ్గురికీ శాలువాలు కప్పారు. అన్నయ్యగారు చాలాసేపు ఉపన్యసించారు. ఇల్లూ వాకిలీ లెక్కచేయకుండా న్యాయం కోసం కదిలిన నిజమైన కోటదొరలు అన్నారు. చివర్లో, "ఈ విజయంలో వారి వారి శ్రీమతుల సహకారం కూడా ఉంది" అన్నారు. శ్రీమతులట! గుంపులో కలిపేశారు. మిగిలిన ఇద్దరి భార్యలు ఆ నెలంతా పుట్టిళ్లలో ఉన్నారు. ఆ సభలో నాకు వడ కూడా చల్లారాకే వచ్చింది.

ఎందుకు చెప్పలేదని మా ఆయన్ని నేను అప్పుడు అడిగాను. తర్వాత చాలాసార్లు అడిగాను. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, పచ్చడి కలుపుతూ, ఆసుపత్రిలో ఆయన కంటికి కట్టు ఉన్నప్పుడు కూడా. ప్రతిసారీ ఆయన ఏదో ఒక పని కల్పించుకునేవారు. దేశం గురించి మాట్లాడిన వాళ్లున్నారు, స్నేహం గురించి మాట్లాడిన వాళ్లున్నారు. ఆయనకి కొంటా అక్క భర్త, ఆ డ్రైవరు మీద ఉన్న విశ్వాసం సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేను అడిగింది ఎందుకు వెళ్లావని కాదు. నన్నెందుకు చీకట్లో ఉంచావని. ఆడపిల్ల, భయపడుతుంది, ఏడుస్తుంది, కాళ్లకు అడ్డం పడుతుంది అనుకున్నారా? ఆ ఒక్కటీ తెలియకుండా ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను.

మొన్న బడి నుంచి వచ్చిన సాయంత్రం పేపరు ఆయన చేతిలోంచి లాగేశాను. మనవరాలు పక్కనే ఉంది. "ఇవాళ చెప్పాలి. పిల్ల వింటుంది, రాసుకుంటుంది. కోటదొర భార్యకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "సెప్తే నువ్వు ఆపీదానివి కాదు. నాకది తెల్సు" అన్నారు. "నాతో ఒచ్చీదానివి."

"వచ్చేదాన్నే. అయితే?"

"నువ్వొచ్చీస్తే ఇల్లు కాళీ అయిపోను. కాళీ ఇంటికి తాలం ఎయ్యడానికి ఆల్లకెంతసేపు? నువ్వుంటే ఎవుడూ గడప దాటడని..." అని ఆగి, "మా ముగ్గుర్లోనూ దైర్యం నాకే ఎలాగొచ్చిందనుకున్నావు? ఆల్లిద్దరికీ ఎనక ఇల్లు నిలబడతాదన్న నమ్మకం నేదు. నాకుంది" అన్నారు.

మనవరాలు "వావ్ తాతయ్యా" అంది. నేను అనలేదు. అంటే భయపడతానని కాదు. భయపడనని. నన్ను కాపలా పెట్టి వెళ్లారు. ఆ కాపలా సంగతి కాపలాదారుకి చెప్పలేదు. ఎంత పొగడ్త, ఎంత మోసం! ఆ రోజు పిల్లని ఎత్తుకుని నేను నిలబడ్డ చోట నన్ను నిలబెట్టింది నా మొండితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఆయన లెక్కలో ముందే ఉందట. ఆయన విశ్వాసం నిజమే. స్నేహితుడి పట్లా నిజమే, నా పట్లా నిజమే. కాకపోతే ఆ విశ్వాసాన్ని నడిపిన ధైర్యం నాది, నన్ను అడక్కుండా ఖర్చు పెట్టారు.

"ఒక్క మాట అడిగుంటే అవుననేదాన్ని" అన్నాను.

"తెల్సు."

"తెలిసి అడక్కపోవడమే తప్పు."

ఆయన తలూపారు. ఇన్నేళ్లలో మొదటిసారి తలూపారు. నేను పిల్ల వైపు తిరిగి, కొట్టేసిన ఆ రెండు పేరాలూ మళ్లీ రాయమన్నాను, ఇంకొకటి చేర్చి. ఆ ప్రభువు ద్రోహి కాడు, పిరికివాడు కాడు. ఇంట్లో ఉన్నదాని బలం ఎంతో తెలిసి, దాని మీద నిలబడి యుద్ధానికి వెళ్లినవాడు. తెలిసిన సంగతి ఆమెకి చెప్పనివాడు. మార్కులు వస్తాయా రావా నాకు అక్కర్లేదు. టీచరమ్మ మళ్లీ కొట్టేస్తే మళ్లీ గొడుగు తీసుకుని వెళ్తాను.

కోపం తగ్గిందా అని ఆ సాయంత్రం కాఫీ ఇస్తుంటే ఆయన మెల్లిగా అడిగారు. చాలావరకు తగ్గింది. మోకాళ్లు అరిగినట్టే అదీ అరిగింది. మిగిలిన కాస్తా మాత్రం నా దగ్గరే ఉంటుంది. నల్లజుట్టూ, కంటిచూపూ, మెట్లెక్కే ఊపిరీ, ఒక్కొక్కటే కాలం నన్ను అడక్కుండా పట్టుకుపోయింది. ఇది మాత్రం అడిగినా ఇవ్వను.